మునిలక్ష్మి హాల్‌టికెట్ ఫోటో

నేను చదివింది ఏడో తరగతి వరకే. ఆ చదువుతోనే చాలా ఏళ్ళు హైస్కూలు పిల్లలకు కెమెరా పట్టడం, సౌండు ఎత్తడం, మిక్సింగ్ చేయడం నేర్పాను. మిక్సింగ్ అంటే మా స్టూడియోల మాట. తీసిన వీడియోను కోసి, అతికించి, పాట వేసి, పెళ్ళికూతురి చుట్టూ పూలు రాల్చి చేతికివ్వడం. నగరిలో మా మామకు, అంటే మా ఆయన తండ్రికి, ఫోటో స్టూడియో ఉండేది. ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన నేను వంటింట్లో కంటే స్టూడియో కంప్యూటర్ ముందే ఎక్కువ కూర్చున్నాను.

తొమ్మిది, పది తరగతుల పిల్లలు మామూలు చదువుతోపాటు వృత్తి పాఠం ఒకటి ఎంచుకోవచ్చని ఆర్డరు వచ్చినప్పుడు, మా ఊరి హైస్కూల్లో మీడియా, కంప్యూటర్ కలిపి ఒక పాఠంగా పెట్టారు. కంప్యూటర్ చెప్పడానికి హరి సారు వచ్చాడు. సత్యవేడు మనిషి, బీటెక్ చదివిన కుర్రవాడు. కెమెరా చెప్పేవాళ్ళు మాత్రం దొరకలేదు. హెడ్మాస్టరు మా స్టూడియోకి వచ్చి, "ధనమ్మా, వారానికి రెండు మూడు దినాలు వచ్చి పిల్లోళ్ళకి నాలుగు ముక్కలు సెప్పిపోరాదా" అన్నాడు.

"నేను ఏడో తరగతి సార్."

"ఆ సంగతి కెమెరాకి తెలీదులే, నువ్వు రా."

అలా చేరాను. ఇప్పుడు మానుకున్నాను. కొత్తగా ఈ పాఠం చెప్పబోతున్న అమ్మాయిలు ఇద్దరు మొన్న ఇంటికి వచ్చి, ఈ పని ఎలా ఉంటుందని అడిగారు. టీ తాగుతూ ఏదో చెప్పాను గానీ అసలు సంగతి చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. ఏ నెలలో ఏ పాఠం చెప్పాలో పుస్తకంలో ఉంది, దానికి నన్ను అడగక్కర్లేదు.

ఎందుకు చేరతారు

ముందు ఇది తెలుసుకోండి. మీ దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది మీడియా మీద ప్రేమతో రారు. ఒకడిని అడిగాను, "నువ్వెందుకు తీసుకున్నావురా ఈ పాఠం?" అని.

"ఆడ ఏసీ ఉండాది మేడమ్."

కంప్యూటర్లు వేడెక్కకుండా పెట్టిన ఏసీ అది. కరెంటు పోయినప్పుడు వాడి ముఖం చూడాలి.

ఇంకొందరు రీల్స్ కోసం వస్తారు. వాళ్ళను తక్కువగా చూడొద్దు. పాట ఎక్కడ కోయాలో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. హరి సారు ఫోటోల్లో పొరలు నేర్పిన వారం గది నిండా నవ్వులే. ఒక ఫోటో మీద ఇంకో ఫోటోను పల్చటి పొరలాగా పరచి, అక్కరలేనిది చెరిపేసి, కింద ఉన్నదానితో కలిపేస్తారు. పిల్లలు ముందు చేసింది హెడ్మాస్టరు మీసం మేకకు పెట్టడం. తరువాత మేక కళ్ళు హెడ్మాస్టరుకు పెట్టారు. మేక బాగానే ఉంది. హెడ్మాస్టరును చూసి మాత్రం ఎవరూ నవ్వలేకపోయారు. ముఖం ఆయనదే, చూపు మనిషిది కాదు. ఒక పిల్ల లేచి వెళ్ళి తెర ఆర్పేసింది.

ఆ పిల్ల పేరు మునిలక్ష్మి.

వినడం

సౌండు పాఠంలో నేను చేయించే మొదటి పని, ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు ఒక్కటే ఎత్తడం, అంటే రికార్డు చేయడం. వీడియోలో మాటకూ మాటకూ మధ్య ఏ చప్పుడూ లేకపోతే చూసేవాళ్ళు చెవుల్లో నీళ్ళు పోయినట్టు ఉలిక్కిపడతారు. అందుకని గది చప్పుడు కొంత విడిగా ఎత్తి పెట్టుకుని అక్కడ అతికిస్తాం. నగరిలో ఆ పని అంత తేలిక కాదు. ఏ వీధిలో నిలబడినా పవర్‌లూమ్ మగ్గాల మోత. పుట్టినప్పటి నుంచి విన్నవాళ్ళకు అది వినపడదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని మైకు తిప్పితే అప్పుడు వినపడుతుంది, ఊరంతా పళ్ళు కొరుకుతున్నట్టు.

ఒకరోజు అందరినీ బయటికి పంపి, మునిలక్ష్మి ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి సౌండు ఎత్తమన్నాను. కాసేపటికి తలుపు తీసుకుని వచ్చింది.

"మేడమ్, లోపల ఎవురో ఉండారు."

"ఎవరూ లేరు కదే, ఇప్పుడే అందరూ బయటికి వచ్చారు."

"ఊపిరి పీలుస్తా ఉండారు మేడమ్. నా పక్కనే."

ఇయర్‌ఫోన్ తీసుకుని విన్నాను. నిజమే, ఊపిరి ఉంది. మైకు తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది ఆ పిల్ల, అది దాని ఊపిరే. ఆ మాట చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాది ఇట్లా ఉంటాదా" అని అడిగి, ఆరోజు మళ్ళీ ఇయర్‌ఫోన్ ముట్టుకోలేదు.

ఇలాంటి పిల్లలు ప్రతి బ్యాచిలో ఒకరు ఉంటారు. అందరూ పనిముట్టును చూస్తుంటే వీళ్ళు అది చూపించేదాన్ని చూస్తారు. పని వీళ్ళకే బాగా పట్టుబడుతుంది. జాగ్రత్త కూడా వీళ్ళతోనే.

మా మామ చేసిన పని

ఇక్కడ మా మామ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తరువాతది అర్థం కాదు.

చేతిలో ఫోన్లు లేని కాలంలో చాలామంది ఒక్క ఫోటో కూడా లేకుండానే పోయేవాళ్ళు. పోయాక ఇంటివాళ్ళు మామకు కబురుపెట్టేవాళ్ళు. ఆయన వెళ్ళి పడుకోబెట్టిన మనిషిని ఫోటో తీసి, దాన్ని కడిగి, సన్నటి కుంచెతో ఆ మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు వేసేవాడు. దినాల నాటికి గోడమీద పెట్టుకోవడానికి ఒక ముఖం ఉండాలి, ఆ ముఖం చూస్తూ ఉండాలి. దాన్ని మా స్టూడియోలో కళ్ళు తెరిపించడం అనేవాళ్ళం. కంప్యూటర్ వచ్చాక కుంచె పోయింది. ఇంట్లో ఇంకెవరి కళ్ళయినా ఫోటో తీసి, కోసి, పోయినవాళ్ళకు అతికించడం వచ్చింది.

మామ దానికొక పద్ధతి పెట్టుకున్నాడు. కళ్ళు ఇచ్చేవాళ్ళు పోయిన మనిషికంటే పెద్దవాళ్ళయి ఉండాలి. అక్కో, అన్నో, మేనత్తో. చిన్నవాళ్ళవి తీసుకునేవాడు కాదు, బిడ్డలవి అసలే తీసుకునేవాడు కాదు. "ఎందుకు మామా" అని అడిగితే, "పెద్దోళ్ళు సూడాల్సింది సూసేసినారు. పిల్లోళ్ళకి ఇంకా సూసేది ఉండాది" అనేవాడు. అంతకు మించి చెప్పలేదు. ఆయన భయపడే మనిషి కాదు. శ్మశానంలో నిలబడి బీడీ తాగేవాడు. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఎంత బతిమాలినా ఒప్పుకునేవాడు కాదు.

ఇది నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికి వాళ్ళకు ఫోన్లో వందల ఫోటోలు ఉన్న ఈ కాలంలో ఆ పనే లేదనుకున్నాను.

మునిలక్ష్మి వాళ్ళమ్మ

మునిలక్ష్మి వాళ్ళమ్మ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి పోయేది. ఇంకా చీకటి ఉండగానే కంపెనీ బస్సు ఎక్కి, దీపాలు పెట్టాక దిగేది. నాయన గోవిందుది ఇంకొకరి మగ్గాల దగ్గర పని. ఇంట్లో గోవిందు తల్లి, మునిలక్ష్మికి అవ్వ. అంతే సంసారం.

ఆ పిల్ల పదో తరగతికి వచ్చిన ఏడు వాళ్ళమ్మకు జ్వరం వచ్చింది, చిత్తూరు ఆస్పత్రికి తీసుకుపోయారు, అక్కడే పోయింది. ఎవరూ ఊహించలేదు.

ఆమెకు ఫోటోలు లేకపోలేదు. పనికొచ్చేది లేదు. పెళ్ళి ఫోటోలన్నిటిలో తల వంచుకుని ఉంది. మా పెళ్ళి వీడియోలవాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో పెళ్ళికూతురు తలెత్తి కెమెరాను చూస్తే పెద్దవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. ఆధార్ కార్డు మీద ఉన్నది పెద్దది చేస్తే ముఖమంతా గళ్ళు గళ్ళు. ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తితే చేత్తో ముఖం మూసుకునేదట. ముఖం పెద్దగా, స్పష్టంగా ఉన్న ఫోటో ఒక్కటే, ఆమెను ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు ఎవరో బంధువు ఫోన్లో తీసింది.

ఆ వారం నేను బడికి వెళ్ళలేదు. మొక్కు ఉంటే అలిపిరి మెట్లెక్కి, కాళ్ళు వాచి, ఇంట్లో పడుకుని వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటున్నాను. అప్పుడే మునిలక్ష్మి బడికి వచ్చి, మధ్యాహ్నం అన్నం గంటలో కంప్యూటర్ ముందు కూర్చుంది. స్నేహితురాలు రాణి చేత తన కళ్ళు ఫోటో తీయించుకుంది. నేర్చుకున్న పొరల పనితో వాటిని వాళ్ళమ్మకు పెట్టింది. ఎవరినీ అడగలేదు. పిల్ల చనిపోయిన తల్లి ఫోటో బాగుచేసుకుంటోందని హరి సారు దగ్గరికి పోలేదు. ఆయన చేసిందాంట్లో తప్పేమీ లేదు. అక్కడ ఎవరున్నా అలాగే దూరంగా ఉండేవాళ్ళు.

ఫోటోలు తీసిన రోజు

పదో తరగతి పరీక్షకు పిల్లల వివరాలతోపాటు ఫోటో ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఆ ఫోటోతోనే హాల్‌టికెట్ వస్తుంది. మా బడిలో ఆ ఫోటోలు బయటివాళ్ళ చేత తీయించరు, మీడియా పిల్లలే తీస్తారు. గోడకు తెల్లగుడ్డ కట్టి, స్టూలు వేసి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టాం.

మునిలక్ష్మి వంతు వచ్చింది. తీశాం. చూస్తే కళ్ళు మూసుకుని ఉంది.

"ఏం మే, నిద్దరొస్తా ఉండాదా" అన్నారు పిల్లలు. మళ్ళీ తీశాం. మూసుకునే ఉంది. ఫ్లాష్‌కు అలా అవుతుందని ఫ్లాష్ తీసేసి, వరండాలో వెలుతురుకు కూర్చోబెట్టి తీశాను. మూసుకునే ఉంది. అలాంటివాళ్ళకు మాకొక చిట్కా ఉంది. ముందే కళ్ళు మూసుకోమని చెప్పి, తెరువు అనగానే నొక్కుతాం. తెరువు అన్నాను, తెరిచింది, నా కళ్ళతో చూశాను. నొక్కాను. ఫోటోలో రెప్పలు కిందికే ఉన్నాయి.

పిల్లల నవ్వు మెల్లగా ఆగిపోయింది. స్టూలు చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. మునిలక్ష్మి మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసినదానిలా కూర్చుంది.

"ఏమయిందే నీ కళ్ళకి" అన్నాను.

పక్క నుంచి రాణి అంది, "ఇచ్చేసింది కదా మేడమ్, వాళ్ళమ్మకి."

అప్పుడు తెలిసింది నాకు. మా మామ కుంచె పట్టుకుని తల అడ్డంగా ఊపడం కళ్ళ ముందు కనపడింది.

హరి సారుకు చెప్పాను. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "భయం మేడమ్, అంతే. తల్లి పోయిన పిల్ల. కెమెరా సూస్తే ఆ ఫోటో గుర్తొస్తా ఉంటాది, మెదడే రెప్పని దించేస్తాది. వీడియో తీద్దాం. అందులో తెరిసి ఉండే ఫ్రేమ్ ఒకటి దొరక్కుండా పోదు." ఆయన చెప్పింది సబబుగానే ఉంది. వీడియో అంటే వరసగా పేర్చిన ఫోటోలే, అందులోంచి ఒకటి ఎత్తుకోవచ్చు.

తీశాం. మాటల్లో పెట్టి, నవ్వించి, అటూ ఇటూ చూడమని తీశాం. తరువాత ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫ్రేమే జరిపి చూశాం. కిటికీ వైపు చూసినప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయి. హరి సారు వైపు చూసినప్పుడు తెరిచే ఉన్నాయి. కెమెరా వైపు తిరిగేసరికి దిగిపోయాయి.

రెప్పపాటు ఎంతసేపో మిక్సింగ్ చేసేవాళ్ళకు తెలుసు. అలా పడి, అలా లేస్తుంది. ఇది అలా లేదు. చాలా నిదానంగా, ముందు ఒక కన్ను, తరువాత రెండోది, పైనుంచి ఎవరో వేలితో ఒత్తి దించినట్టు దిగాయి. దించినాక కాసేపు అలాగే పట్టుకుని ఉంచినట్టు కూడా ఉంది.

హరి సారు వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. మూడోసారి చూడలేదు. చెవులకున్న ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ వీడియోలో సౌండు అసలు ఎత్తనేలేదు, మరి ఆయనకు ఏం వినపడిందో.

హెడ్మాస్టరు మాట

హెడ్మాస్టరు మంచి మనిషి. ఈ సంగతి చెప్పగానే కొట్టిపారేయలేదు. కాసేపు ఆలోచించి, "మీకు చేతనయిన పనే కదా. కంప్యూటర్లో తెరిచేయండి" అన్నాడు.

"అది చనిపోయినవాళ్ళకు చేసే పని సార్. బతికున్న పిల్లకు నేను చేయను."

"నీ సెంటిమెంటు నాకూ ఉండాది ధనమ్మా. ఆఖరు తేదీకి లేదు. శుక్రవారం లోగా ఫోటో ఎక్కకపోతే ఆ పాపకి హాల్‌టికెట్ రాదు. ఒక సంవత్సరం పోతాది. తల్లి లేని పిల్ల ఒక సంవత్సరం ఇంట్లో కూర్చుంటే మళ్ళా బడికి వస్తాదా? రేపే ఏ మగ్గం దగ్గరికో పంపిస్తారు."

శుక్రవారం దాకా చూద్దాం, అప్పటికీ కాకపోతే మీరు చెప్పినట్టే, అన్నాను. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

గోడమీద

వాళ్ళది పొడుగాటి ఒకే గది ఇల్లు. పక్కింట్లో మగ్గాలు ఆడుతున్నాయి, గోడ కూడా సన్నగా అదురుతోంది. ఫోటో లోపలికి రాగానే ఎదురుగా ఉంది. పూలదండ, కింద దీపం.

అవ్వ నన్ను చూసి లేచి కూర్చుంది. "రామ్మా. సూడు, మా కోడలు ఎట్లా సూస్తా ఉండాదో. నేను యాడ కూర్చున్నా నన్నే సూస్తాది. బతికుండంగా ఇంతసేపు నా మొగం సూసింది లేదు."

చూశాను. పని చక్కగా చేసింది పిల్ల. అతుకు ఎక్కడా కనపడలేదు. కానీ ముప్పై దాటిన అలసిన ముఖంలో ఆ కళ్ళు మరీ కొత్తగా ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తే ఇంకొకటి కనపడింది. ఫోటో తీసినప్పుడు ఎదురుగా ఉన్న వెలుగు కంటిపాపలో చిన్న మెరుపుగా పడుతుంది. ఆ మెరుపులో ఊచలున్నాయి. మా కంప్యూటర్ గది కిటికీ ఊచలు. ఆమె ఈ ఇంట్లోకి చూడటం లేదు. ఎప్పుడూ అడుగుపెట్టని మా బడి గదిలోకి చూస్తోంది.

గోవిందు ఒక మూల అన్నం తింటున్నాడు. ఫోటోకు వీపు పెట్టి కూర్చున్నాడు. అంత ఇరుకు గదిలో అలా కూర్చుంటే గోడకు ముఖం పెట్టి తినాలి. అలాగే తింటున్నాడు.

మునిలక్ష్మిని వాకిట్లోకి పిలిచి, "నువ్వు మూసుకుంటున్నావా, నిజం చెప్పు" అన్నాను.

"లేదు మేడమ్. అవే పడిపోతా ఉండాయి." లోపల ఉన్న అవ్వ వైపు చూసి అంది, "నేను ఆడ తెరిస్తే ఈడ అమ్మవి మూసుకుంటాయేమో అనిపిస్తాది. అవ్వ ఒంటరిగా ఉంటాది కదా ఇంట్లో. నేను బడికి వచ్చేస్తే అవ్వని సూసుకునేది ఆ ఫోటోనే."

లోపలికి వచ్చి గోవిందుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా మామ పద్ధతి చెప్పాను. ఆ ఫోటో దించి, వేరేది పెట్టుకోమన్నాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు. అవ్వ మాత్రం ఊరుకోలేదు.

"దించేది లేదు. పెద్దకర్మ అయ్యి దీపం పెట్టిన ఫోటోని ఎవురైనా దించుతారా? స్టూడియో మనిసివి, నువ్వే ఇట్లా మాట్లాడితే ఎట్లమ్మా?"

"నీ మనవరాలికి పరీక్ష ఉంది అవ్వా."

"పరీచ్చ దాని తలకాయిలో ఉంటాది గానీ కండ్లల్లో ఉంటాదా. పో."

ఇంతలో కరెంటు పోయింది. పక్కింటి మగ్గాలు, ఎదురింటివి, వీధి వీధంతా ఒక్కసారి ఆగిపోయాయి. నగరిలో అలా ఆగినప్పుడు అందరూ తలెత్తుతారు, ఎందుకో తెలియదు. నేనూ, మునిలక్ష్మీ, అవ్వా తలెత్తాం. మా ముగ్గురి చూపూ ఫోటో మీదే పడింది. దీపం వెలుగులో ఆ కళ్ళ తడి కనపడుతోంది. గోవిందు ఒక్కడే తలెత్తలేదు.

శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం దాకా ప్రయత్నించాం. హెడ్మాస్టరు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి, గడియారం చూసుకుని పోయాడు. మునిలక్ష్మి ఏడవడం కూడా మానేసింది. "మీరు కంప్యూటర్లోనే తెరిచేయండి మేడమ్, ఫరవాలేదు" అంది. ఆ మాట విని హరి సారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

అప్పుడు గోవిందు వచ్చాడు. చంకలో పాత చీరలో చుట్టిన పలక లాంటిది ఉంది. చెప్పులు బయట విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు.

"మా యమ్మ నిద్దరపోతా ఉంటే ఎత్తుకోని వచ్చినాను" అన్నాడు. చీర విప్పకుండానే దాన్ని గోడవైపు తిప్పి ఆనించి పెట్టాడు.

"కూర్చో గోవిందూ."

కూర్చోలేదు. కూతురి వైపు చూడకుండా, నా వైపు కూడా చూడకుండా మాట్లాడాడు. "దాని కండ్లు మూసింది నేనే మేడమ్. ఆస్పత్రిలో. సగం తెరుసుకోని ఉండె. నర్సమ్మ ఎవురైనా మూయండి అనె. ఈ చేత్తోనే మూసినాను. ముందు ఒకటి మూసినాను, ఇంకోటి నిలబల్లేదు, కాసేపు పట్టుకున్నాను. ఇన్నేండ్లూ తెల్లారకముందే లేసి బస్సుకి ఉరికిన మనిసి. ఇంక లేసే పన్లేదు, నిద్దరపో అని సెప్పినాను. సెప్పి ఇంటికి తెచ్చినాను. దినాలనాడు పనుల్లోంచి వచ్చి సూస్తే గోడమింద మళ్ళా తెరుసుకోని ఉండాది. నేను సెప్పింది అబద్ధం అయిపాయ."

ముందు ఒకటి, తరువాత రెండోది, కాసేపు పట్టుకుని. హరి సారు నా వైపు చూశాడు. మేము ఆ వీడియో ఎవరికీ చూపించలేదు.

"నాకు ముందే సెప్పుంటే..." అంటూ మునిలక్ష్మి ఆగిపోయింది.

"నువ్వు అంత కష్టపడి చేసినావు పాపా. ఎట్లా సెప్పేది?"

మునిలక్ష్మి లేచి కంప్యూటర్ దగ్గరికి పోయింది. నేను మొదటి రోజు నుంచీ పిల్లలకు చెప్పేదొకటి ఉంది, పని అయిపోయినా పొరలు కలిపేసి పారేయొద్దు, విడివిడిగా దాచుకోండి అని. ఆ పిల్ల దాచుకుంది. తెర మీద వాళ్ళమ్మ ముఖం వచ్చింది. పక్కన వరుసలో ఒక్కో పొరకూ ఎదురుగా చిన్న కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పొర కనపడకుండా పోతుంది. మునిలక్ష్మి చేయి మౌస్ మీద పెట్టి వాళ్ళ నాయన వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

నొక్కింది. తల్లి కళ్ళు మూసుకున్నాయి.

ఏసీ చప్పుడు ఒక్కటే ఉంది. గోవిందు మొదటిసారి తెర వైపు తిరిగి, తృప్తిగా చూశాడు, చాలాసేపు చూశాడు. "ఇట్లా ఉండనీ" అన్నాడు. "మా యమ్మకి నేను సెప్పుకుంటాను."

పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టాను. కెమెరా వైపు చూసింది. రెప్పలు బరువుగా కిందికి జారసాగాయి. అప్పుడు గోవిందు నా పక్కకు వచ్చి, వంగి, కెమెరా పక్కనే తన ముఖం పెట్టాడు.

"పాపా, తెల్లారింది. లెయ్" అన్నాడు.

రోజూ పొద్దున బడికి లేపేటప్పుడు అనే మాటే అయి ఉంటుంది. మునిలక్ష్మి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి తలెత్తింది. నొక్కాను.

ఫోటోలో కళ్ళు తెరిచి ఉన్నాయి.

హరి సారు దాన్ని తెర మీద పెద్దది చేశాడు. నేనూ చూశాను. ముఖం పదిహేనేళ్ళ పిల్లది. చూపు కాదు. పొద్దంతా నిలబడి పనిచేసి, బస్సు దిగి, ఇంట్లో అందరూ తిన్నారా లేదా అని చూసే ఆడమనిషి చూపు అది.

"ఎక్కించేదా మేడమ్?" అని అడిగాడు మెల్లగా.

"ఎక్కించు."

కొత్తగా చేరేవాళ్ళకు

మీరు నన్ను అడగబోయేది నాకు తెలుసు. అది ఏమిటి అని. హరి సారు చెప్పినట్టు భయమే కావచ్చు. నాయన ఆస్పత్రిలో చేసింది పిల్ల తలుపు సందులోంచి చూసి, మరిచిపోయాననుకుని, మరిచిపోకుండా ఉందేమో. హరి సారు అలాగే అంటాడు ఇప్పటికీ. నేను కాదనను, అవుననను.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఈ పాఠంలో పిల్లలకు మనం ఇచ్చేది చాలా పెద్ద పనిముట్టు. ఒకరి గొంతు ఇంకొకరికి, ఒకరి ముఖం ఇంకొకరికి పెట్టడం ఇప్పుడు ఫోన్లోనే అయిపోతోంది, పొరలు కూడా అక్కరలేదు. ఎలా చేయాలో వాళ్ళు మీకంటే ముందే నేర్చుకుంటారు. ఎవరిది తీసుకుంటున్నారో, ఎవరిని అడిగారో, ఆ ఇంట్లో ఎవరు దానికి వీపు పెట్టి కూర్చుంటారో, అది అడిగేవాళ్ళు గదిలో ఒకరుండాలి. మీకు జీతం ఇచ్చేది అందుకే అనుకోండి. తెరిచిన ముఖాలు చేయడం నేర్పే ముందు, మూసిన ముఖాన్ని అలాగే ఉంచడం కూడా పనే అని చెప్పండి.

హాల్‌టికెట్ వచ్చింది. మొదటి పరీక్షనాడు మునిలక్ష్మి సాయంత్రం నేరుగా స్టూడియోకి వచ్చి చెప్పింది. హాల్లో కాపలా ఉన్న సారు హాల్‌టికెట్ చేతిలోకి తీసుకుని ఫోటో చూశాడట, ఈమె ముఖం చూశాడట, మళ్ళీ ఫోటో చూశాడట.

"ఎవురు పాపా ఇది? మీ అమ్మ ఫోటో తెచ్చి అంటించినావా?"

చుట్టూ పిల్లలు రాయడం ఆపి తలలు తిప్పారట. పంపించేస్తాడేమో అనుకుందట.

"నాదే సార్. బాగా సూడండి" అని తలెత్తి ఆయన కళ్ళల్లోకి చూసిందట.

ఆయన కూడా చూస్తూ నిలబడ్డాడట. కాసేపటికి హాల్‌టికెట్ బల్ల మీద పెట్టేసి, "రాసుకోమ్మా" అని ముందుకు పోయాడట. అప్పటిదాకా పాపా అన్న మనిషి.

"నేను రెప్ప వేయలేదు మేడమ్" అంది మునిలక్ష్మి. "ముందు ఆయనే వేసినాడు."